పడమటి నేల ఎవరిది? అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో బానిసత్వం, సంస్కరణోద్యమాలు

అమెరికా అంతర్యుద్ధానికి ముందు గడిచిన డెబ్బై ఏళ్ళ చరిత్రను పాఠ్యపుస్తకాలు సాధారణంగా మూడు పాఠాలుగా విడదీసి చెబుతాయి. దక్షిణాది తోటల్లో బానిసత్వం ఒక పాఠం. మద్యనిషేధం, స్త్రీల హక్కులు, బానిసత్వ నిర్మూలన వంటి సంస్కరణోద్యమాలు మరొకటి. పడమరగా సాగిన దేశ విస్తరణ ఇంకొకటి. ఇలా చదివినవారికి ఒక సందేహం తీరకుండా మిగిలిపోతుంది. బానిసత్వం పాపమని చెప్పినవారు 1780లలోనూ ఉన్నారు, 1830లలోనూ ఉన్నారు. మరి యుద్ధం 1861 దాకా ఎందుకు ఆగింది? ఉత్తరాదిలో నిర్మూలనవాదుల సంఖ్య ఎన్నడూ స్వల్పమే, చాలా ఊళ్ళలో వారి సభల మీద రాళ్ళు పడ్డాయి. అటువంటి ఉత్తరాది, బానిసత్వం ఇక ఒక్క అడుగు కూడా విస్తరించరాదన్న లింకన్‌ను 1860లో అధ్యక్షుణ్ణి ఎలా చేసింది?

నా ఉద్దేశంలో దీనికి జవాబు ఈ మూడు పాఠాలు కలిసేచోట, అంటే నేల దగ్గర, దొరుకుతుంది. బానిసత్వం ఉండవచ్చునా అన్న ప్రశ్నను అమెరికా రాజకీయ వ్యవస్థ దశాబ్దాల పాటు దాటవేయగలిగింది. కొత్తగా చేతికి వచ్చిన ఈ నేలలో అది ఉండవచ్చునా అన్న ప్రశ్నను మాత్రం దాటవేయలేకపోయింది, ఎందుకంటే కొత్త నేల వస్తూనే ఉన్నది, వచ్చిన ప్రతిసారీ పాత రాజీ చెల్లకుండా పోతూనే ఉన్నది.

పత్తి మార్చిన లెక్క

1787లో రాజ్యాంగం రాసినవారిలో పలువురు బానిసత్వం కాలక్రమంలో దానంతటదే అంతరిస్తుందని భావించారు. వారి ఆశకు ఆధారం లేకపోలేదు. పెన్సిల్వేనియా 1780లోనే క్రమనిర్మూలన చట్టం చేసింది. న్యూయార్క్ 1799లోనూ న్యూజెర్సీ 1804లోనూ అదే దారి పట్టాయి. ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న భూభాగంలో బానిసత్వాన్ని 1787లోనే నిషేధించారు. అయితే అదే ఏడాది తయారైన రాజ్యాంగం, బానిస అన్న మాట ఎక్కడా వాడకుండానే, ప్రతినిధుల సభలో స్థానాలు పంచేటప్పుడు ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కవేయమన్నది. పారిపోయినవారిని యజమానికి అప్పగించమన్నది. ఓటు లేని మనిషి తలను లెక్కపెట్టి, ఆ లెక్క వల్ల వచ్చే బలాన్ని అతని యజమాని చేతిలో పెట్టిన ఏర్పాటు ఇది. తరువాతి కథలో దక్షిణాది రాజకీయ పలుకుబడికి మూలం ఇక్కడే ఉన్నది.

అంతరిస్తుందన్న అంచనాను తలకిందులు చేసింది పత్తి. సముద్రతీరాన పండే పొడవు పింజ పత్తిలో గింజ సులువుగా ఊడివస్తుంది. లోపలి భూముల్లో పండే పొట్టి పింజ పత్తిలో గింజ దూదిని అంటిపెట్టుకొని ఉంటుంది. చేత్తో ఒలిస్తే ఒక మనిషికి రోజంతా కష్టపడి ఒక పౌను దూది తీయడం గగనం. 1793లో జార్జియాలోని ఒక తోటలో ఉండగా ఎలీ విట్నీ తయారుచేసిన చిన్న యంత్రం రోజుకు యాభై పౌన్ల దాకా తీయగలిగింది. జిన్నింగ్ మిల్లుల మధ్య పెరిగిన గుంటూరు, ఆదిలాబాద్ వాసులకు ఈ యంత్రం సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. నేడు మన పొలాల్లో పండే పత్తిలో అత్యధిక భాగం కూడా ఆ అమెరికన్ జాతిదే. అయితే యంత్రం గింజ తీసే శ్రమను తగ్గించింది గానీ చేలో పత్తి తీసే శ్రమను తగ్గించలేదు. మిల్లు ఎంత వేగంగా తిరిగితే చేలో అన్ని చేతులు కావలసి వచ్చాయి. 1790లో దాదాపు 7 లక్షలు ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి 39 లక్షల 50 వేలకు చేరింది. 1808లో విదేశాల నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించారు కనుక ఈ పెరుగుదలలో దాదాపు అంతా అమెరికా గడ్డ మీద, బానిస తల్లులకు పుట్టిన బిడ్డలదే. తల్లి బానిస అయితే బిడ్డ బానిస అన్నది చట్టం. తండ్రి ఎవరన్నది, అతడు స్వయంగా యజమానే అయినప్పటికీ, చట్టం అడగలేదు.

ఆ చేలలో పని ఎలా సాగేదో సాలమన్ నార్తప్ చెప్పినంత స్పష్టంగా చెప్పినవారు తక్కువ. ఆయన న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన స్వతంత్రుడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు, ఫిడేలు వాయించేవాడు. 1841లో పని ఇప్పిస్తామని చెప్పి రాజధాని వాషింగ్టన్‌కు తీసుకువెళ్ళి, అక్కడి నుంచి ఎత్తుకుపోయి లూసియానాలో అమ్మేశారు. పన్నెండేళ్ళ తరువాత విడుదలై, 1853లో అచ్చువేసిన స్వీయకథలో ఆయన సాయంత్రపు తూకం గురించి రాశాడు. రోజుకు మామూలుగా ఒక మనిషి తీయవలసిన పత్తి 200 పౌన్లు, అంటే 90 కిలోలు. చీకటి పడ్డాక బుట్టలు మోసుకొని జిన్ను కొట్టం దగ్గరికి పోయేటప్పుడు ఎంత అలసిపోయినవాడికైనా అలసట కన్నా భయమే ఎక్కువగా ఉండేదట. తూకం తగ్గితే కొరడా దెబ్బలు. తూకం పది ఇరవై పౌన్లు పెరిగిందా, మర్నాటి నుంచి అదే అతని వాటాగా స్థిరపడుతుంది. తక్కువ తేవడమూ ప్రమాదమే, ఎక్కువ తేవడమూ ప్రమాదమే. తోట యజమానులు పలక మీద తూకాలు రాసుకొని, ఏ మనిషి నుంచి ఎంత పిండవచ్చునో లెక్కలు కట్టేవారు. బానిసత్వాన్ని ఆధునిక వ్యాపారానికి దూరమైన పాతకాలపు జమీందారీ వ్యవహారంగా ఊహించుకునేవారు ఈ తూకం పలకను గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధానికి ముందరి దశాబ్దాలలో అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. అందులో అధికభాగం ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పోయేది. ఆ మిల్లుల గుడ్డ తరువాత ఓడల్లో మన తీరానికి దిగి ఇక్కడి సాలెవారి మగ్గాలను ఎలా మూలబెట్టిందో మనకు తెలుసు. ఆ గుడ్డలోని నూలుకు మొదలు మిసిసిపీ తోటల్లో ఉన్నదన్న సంగతి మన చేనేత చరిత్రల్లో అంతగా కనబడదు.

నేల ఖాళీ చేయించిన తీరు

పత్తి నేలను త్వరగా పీల్చేస్తుంది, పైగా తోట యజమానికి అప్పు మీద కొన్న బానిసలు, అప్పు తీర్చడానికి మరింత పంట కావాలి. అందువల్ల పత్తి సాగు ఎప్పుడూ పడమటి దిక్కుకే చూసేది. 1803లో అధ్యక్షుడు జెఫర్సన్ ప్రభుత్వం ఫ్రాన్స్ నుంచి లూసియానా భూభాగాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నప్పుడు దేశ విస్తీర్ణం రెండింతలయింది. అయితే పత్తికి అనువైన నల్లరేగడి నేలలు జార్జియా, అలబామా, మిసిసిపీలలో అప్పటికే చెరోకీ, క్రీక్, చోక్టా, చికసా అనే ఆదివాసీ జాతుల ఇళ్ళూ పొలాలూ ఉన్న నేలలు.

వీరిలో చెరోకీల కథ ప్రత్యేకంగా చెప్పుకోవలసినది, ఎందుకంటే తెల్లవారు నాగరికత పేరుతో అడిగిన ప్రతి పనీ వారు చేశారు. సెక్వోయా అనే వెండి పనివాడు 1821లో వారి భాషకు లిపి కల్పించాడు. మన అక్షరాల మాదిరిగానే అందులో ఒక్కో గుర్తు ఒక్కో అక్షరధ్వనిని పలుకుతుంది. 1827లో లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో సొంత పత్రిక పెట్టుకున్నారు, వారిలో ధనికులు నల్లజాతి బానిసలను కూడా కొనుక్కున్నారు. 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సంతకంతో, ఆదివాసులను పడమరకు పంపించే తరలింపు చట్టం వచ్చింది. 1832లో సుప్రీంకోర్టు చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పినా తరలింపు ఆగలేదు. 1838లో సైన్యం ఇళ్ళ మీద పడి వారిని పోగుచేసి, ఇప్పటి ఓక్లహోమాకు నడిపించింది. తరలించిన సుమారు 16 వేల మందిలో దాదాపు 4 వేల మంది ఆకలికీ చలికీ జబ్బులకీ చనిపోయారని అంచనా. కన్నీటి బాటగా పేరుపడిన ఆ దారిలో చెరోకీల వెంట వారి బానిసలు కూడా నడిచారు.

ఆ ఖాళీ అయిన నేలను నింపడానికి మరో తరలింపు జరిగింది. 1790 నుంచి 1860 దాకా సుమారు 10 లక్షల మంది బానిసలను తూర్పు రాష్ట్రాల నుంచి లోతట్టు దక్షిణానికి చేర్చారు. కొందరిని యజమానులే వెంట తీసుకుపోయారు. మిగిలినవారిని వ్యాపారులు కొని, చేతులకు సంకెళ్ళు వేసి బారులుగా నడిపించారు, లేదా ఓడల్లో న్యూ ఓర్లీన్స్ సంతకు చేర్చారు. పొగాకు సాగు చితికిన వర్జీనియాలో యజమానికి ఇప్పుడు అమ్మకానికి పండే పంట మనుషులే. ఆఫ్రికా నుంచి ఓడల్లో జరిగిన రవాణా గురించి అందరికీ తెలుసు. దేశం లోపల, చట్టబద్ధంగా, పగటిపూట నడిచిన ఈ వ్యాపారం గురించి తెలిసినవారు తక్కువ.

1819లో మిస్సోరీ రాష్ట్రహోదా అడిగేసరికి పేచీ మొదటిసారి బట్టబయలైంది. అప్పటికి, రాష్ట్రానికి రెండేసి స్థానాలుండే సెనేట్‌లో బానిస రాష్ట్రాలు పదకొండు, స్వేచ్ఛా రాష్ట్రాలు పదకొండు. జనాభా ఎక్కువున్న ఉత్తరాదికి ప్రతినిధుల సభలో బలం ఉన్నా సెనేట్‌లో త్రాసు సమంగా నిలిచి ఉన్నది. మిస్సోరీ ఎటు చేరితే అటు త్రాసు మొగ్గుతుంది. 1820 నాటి రాజీలో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకొని, మిగిలిన లూసియానా భూభాగంలో మిస్సోరీ మినహా 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండరాదని గీత గీశారు. వృద్ధుడైన జెఫర్సన్ ఆ వార్త విని, నడిరాత్రి మోగిన అగ్నిప్రమాద ఘంటలా ఉలిక్కిపడి లేచానని ఒక మిత్రుడికి రాశాడు. ఆయన కూడా వందలమంది బానిసల యజమాని.

ఒక కుటుంబం, నాలుగు ఉద్యమాలు

ఇదే కాలంలో ఉత్తరాదిలో మతపునరుజ్జీవనం ఒకటి వెల్లువెత్తింది. మనిషి పుట్టుకతోనే శాపగ్రస్తుడన్న పాత బోధన వెనక్కు తగ్గి, తన పాపాన్ని తానే కడుక్కోగలడు, ఆపైన సమాజపు పాపాన్ని కూడా కడగగలడన్న నమ్మకం బలపడింది. సారాయి మానిపించే సంఘాలు, ఉచిత పాఠశాలలు, మతిస్థిమితం లేనివారిని జైళ్ళలో మగ్గబెట్టవద్దంటూ డొరోథియా డిక్స్ సాగించిన పోరాటం, అన్నీ ఆ నమ్మకం నుంచే మొలకెత్తాయి. వీటినన్నింటినీ జాబితాలా చెప్పడం కన్నా బీచర్ కుటుంబాన్ని చూస్తే విషయం బాగా బోధపడుతుంది.

తండ్రి లైమన్ బీచర్ మద్యపానానికి వ్యతిరేకంగా ప్రసంగాలు చేసి దేశమంతటా పేరు పొందిన పాదిరి. పెద్దకూతురు కేథరిన్ ఆడపిల్లల చదువు కోసం పాఠశాలలు నడిపింది. 1829లో చెరోకీల తరలింపును అడ్డుకోవాలని స్త్రీల చేత కాంగ్రెసుకు, అంటే అమెరికా చట్టసభకు, అర్జీలు పెట్టించింది. అమెరికా స్త్రీలు దేశవ్యాప్తంగా సంతకాలు సేకరించి రాజకీయ విషయంలో తలదూర్చడం అదే మొదలు. ఆ అర్జీలు చెరోకీలను కాపాడలేకపోయాయి, కానీ అర్జీ పట్టుకొని ఇంటింటికీ తిరిగే విద్య స్త్రీలకు అబ్బింది. 1830లలో బానిసత్వానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించినవారిలో స్త్రీలు పెద్దసంఖ్యలో ఉండటానికి దారి అక్కడ పడింది. విచిత్రమేమంటే ఆ దారిలో కేథరిన్ నడవలేదు. స్త్రీలు నిర్మూలన సంఘాల్లో చేరి బహిరంగ వివాదాల్లో దిగడం తగదని ఆమె 1837లో పుస్తకమే రాసింది. దక్షిణ కరోలినాలో బానిసల మధ్య పుట్టి పెరిగి, ఆ సంపదను విడిచి ఉత్తరాదికి వచ్చిన ఆంజెలినా గ్రిమ్కే దానికి వరుస లేఖల్లో బదులిచ్చి, స్త్రీ హక్కుల ప్రశ్నను బానిసత్వ ప్రశ్నతో ముడివేసింది.

లైమన్ బీచర్ కూడా బానిసత్వం చెడ్డదనేవాడే, అయితే నల్లవారిని ఆఫ్రికాకు పంపించివేయడమే పరిష్కారమనేవారి వైపు మొగ్గాడు. ఇది అప్పటి మర్యాదస్తుల వైఖరి. ఆయన అధ్యక్షుడుగా ఉన్న సిన్సినాటీ క్రైస్తవ వేదాంత పాఠశాలలో 1834లో విద్యార్థులు రోజుల తరబడి వాదించుకొని తక్షణ నిర్మూలనే సరైనదని తేల్చారు. యాజమాన్యం నోరు నొక్కబోతే చాలామంది బడి విడిచి ఓబర్లిన్‌కు వెళ్ళిపోయారు. క్రమంగా, నష్టపరిహారంతో, దూరదేశానికి తరలింపుతో అన్న పాత మాటలకూ, ఇప్పుడే, షరతుల్లేకుండా, ఇక్కడే అన్న కొత్త మాటకూ మధ్య తేడా ఆ ఒక్క బడిలో కనబడుతుంది. ఆ కొత్త మాటకు గొంతు ఇచ్చింది 1831 జనవరి 1న బోస్టన్‌లో విలియం లాయిడ్ గారిసన్ పెట్టిన 'లిబరేటర్' పత్రిక. అయితే ఆ పత్రికకు తొలి చందాదారుల్లో అత్యధికులు స్వతంత్రులైన నల్లవారేనని, గారిసన్ కన్నా ముందే 1829లో బోస్టన్‌లో పాతబట్టల కొట్టు నడుపుకునే డేవిడ్ వాకర్ అంతకన్నా ఘాటైన కరపత్రం అచ్చువేశాడని చెప్పకపోతే కథ ఒంటికంటిది అవుతుంది.

1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు జరిగి సుమారు 55 మంది తెల్లవారు చనిపోయారు. ప్రతీకారంగా అంతకన్నా ఎక్కువమంది నల్లవారిని చంపారు. అప్పటినుంచి దక్షిణాది వినడం మానేసింది. బానిసలకు చదువు చెప్పడాన్ని పలు రాష్ట్రాలు నేరం చేశాయి. 1835లో చార్లెస్టన్ తపాలా కార్యాలయంలోని నిర్మూలనవాద పత్రాలను గుంపు బయటికి లాగి తగులబెట్టింది. 1836 నుంచి 1844 దాకా ప్రతినిధుల సభ బానిసత్వం మీద వచ్చే అర్జీలను చదవకుండానే పక్కనపెట్టే నియమం పెట్టుకున్నది. 1837లో ఇలినాయ్ రాష్ట్రంలో ఎలైజా లవ్‌జాయ్ అనే సంపాదకుణ్ణి, తన అచ్చుయంత్రాన్ని కాపాడుకుంటుండగా, గుంపు కాల్చి చంపింది. దక్షిణాది చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే ఉన్నదనిపిస్తుంది. నల్లవాడి స్వేచ్ఛ గురించి పట్టని ఉత్తరాది తెల్లవాడికి తన అర్జీ, తన పత్రిక, తన తపాలా సంచి గురించి మాత్రం పట్టింపు ఉన్నది.

పెట్టెలో ప్రయాణం

చదువు నిషేధం ఎంతవరకు పనిచేసిందో ఫ్రెడరిక్ డగ్లస్ బాల్యం చెబుతుంది. బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు మొదలుపెడితే, చదువు వస్తే బానిస పనికిరాకుండా పోతాడని ఆమె భర్త ఆపించాడు. ఆ మందలింపే తనకు దారి చూపిందని డగ్లస్ తరువాత రాశాడు. వీధిలో పేద తెల్లపిల్లలకు ఇంట్లోని రొట్టెముక్కలు ఇచ్చి బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు ఏ దుంగ ఓడకు ఎడమపక్కదో కుడిపక్కదో గుర్తుగా దాని మీద అక్షరం రాసేవారు. ఆ నాలుగైదు అక్షరాలు చూసి దిద్దుకొని రాయడం నేర్చాడు. 1838లో పారిపోయి ఉత్తరాదికి చేరిన ఆ యువకుడే నిర్మూలనోద్యమానికి అతిపెద్ద వక్త అయ్యాడు. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల సభ జరిగినప్పుడు, ఓటుహక్కు తీర్మానం మరీ అతిగా ఉందని సభలోని వారే జంకితే లేచి దానిని బలపరిచినదీ ఆయనే.

రిచ్‌మండ్‌లోని పొగాకు కర్మాగారంలో పనిచేసే హెన్రీ బ్రౌన్ అనే బానిస తన భార్యను అమ్మకుండా ఉండటానికి ఆమె యజమానికి డబ్బు కడుతూ వచ్చాడు. అయినా 1848లో ఆమెనూ పిల్లలనూ అమ్మేశారు. సంకెళ్ళతో పోతున్న బారులో భార్యను గుర్తుపట్టి, ఆమె చెయ్యి పట్టుకొని కొన్ని మైళ్ళు నడిచాడు, మాట పెగల్లేదన్నాడు. మరుసటి ఏడాది మార్చిలో, సుమారు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్కపెట్టెలో కూర్చుని, కొన్ని బిస్కట్లు, కాసిని మంచినీళ్ళు దగ్గరపెట్టుకొని, తనను తాను పార్సిల్‌గా ఫిలడెల్ఫియాలోని నిర్మూలన సంఘం కార్యాలయానికి పంపించుకున్నాడు. ఇటువైపు పైకి ఉంచవలెనని పెట్టె మీద రాసి ఉన్నా దారిలో తలకిందులుగా ఉంచారు. 27 గంటల తరువాత మూత తీస్తే బతికి బయటపడ్డాడు. అలా పారిపోయినవారు మొత్తం బానిసల్లో చాలా కొద్దిమంది. అయితే బానిసలు సుఖంగా ఉన్నారన్న తోట యజమానుల ప్రచారానికి ఆ ఒక్క పెట్టె చాలినంత జవాబు, అందుకే వారిని వెనక్కు రప్పించడం దక్షిణాదికి పరువు సమస్య అయింది.

మెక్సికో నేల, బోస్టన్ వీధి

మిస్సోరీ గీత లూసియానా భూభాగానికే పనికివస్తుంది. 1845లో టెక్సస్‌ను కలుపుకోవడంతోనూ, 1846లో మెక్సికోతో మొదలైన యుద్ధంతోనూ ఆ గీతకు అవతలి నేల వచ్చిపడింది. ఖండమంతటా వ్యాపించడం దైవం తమకు రాసిపెట్టిన భాగ్యమన్న నినాదం అప్పుడే పత్రికల్లో పుట్టింది. ఇక్కడ ఒక వైపరీత్యం గమనించాలి. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. అమెరికా తీసుకున్న నేల స్వేచ్ఛా నేల, దానిలోకి బానిసత్వాన్ని తీసుకుపోవచ్చునా అన్నది వివాదం. 1846లో పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మట్ అలా తీసుకుపోరాదని సవరణ పెట్టాడు. అది ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. పార్టీలు కాక ప్రాంతాలు విడిపోయి ఓటు వేయడం మొదలైంది.

విల్మట్ బానిసల మీద జాలితో ఆ సవరణ పెట్టలేదు. తన జాతికి, తన రంగుకు చెందిన కష్టజీవులు బానిసల పక్కన నిలబడి పనిచేసే అవమానం లేకుండా బతకడానికి ఆ నేలను కాపాడుతున్నానని ఆయనే చెప్పాడు. ఈ మాటను దాచిపెట్టి ఉత్తరాదిని నీతిమంతుల దేశంగా చిత్రించడం చరిత్ర కాదు. 1857లో ఓరెగన్ ఓటర్లు బానిసత్వాన్ని తిరస్కరించారు. అదే రోజు, అంతకన్నా ఎక్కువ ఆధిక్యంతో, నల్లవారు తమ రాష్ట్రంలో కాలుపెట్టరాదన్న నిబంధనను ఆమోదించారు. గారిసన్‌ను ఛీకొట్టిన రైతు కూడా కాన్సాస్‌లో నూటఅరవై ఎకరాలు తన కొడుక్కు దక్కాలంటే తోట యజమాని అక్కడికి రాకూడదని కోరుకున్నాడు. నిర్మూలనవాదుల నీతికి అందని ఓట్లు నేల పేరుతో వచ్చాయి. ఉద్యమానికి ఇది బలమూ అయింది, యుద్ధం తరువాత నల్లవారికి సమానహక్కులు దక్కకుండా పోవడానికి బీజమూ అయింది.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది, ఫిబ్రవరిలో మెక్సికోతో సంధి కుదిరింది, రెండేళ్ళు తిరిగేలోపు జనం కిక్కిరిసిన కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకోమని తలుపు తట్టింది. 1850 నాటి రాజీలో అందుకు ఒప్పుకున్న దక్షిణాది బదులుగా పరారీ బానిసల చట్టాన్ని తీసుకున్నది. పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనర్, అతణ్ణి యజమానికి అప్పగిస్తే ఫీజు పది డాలర్లు, విడిచిపెడితే అయిదు డాలర్లు. అప్పగిస్తే రాతకోతలు ఎక్కువ గనుక ఫీజు ఎక్కువ అన్నారు. దారినపోయేవారు కూడా పట్టుకోవడానికి సాయపడాలి. ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. పెట్టెలో వచ్చిన హెన్రీ బ్రౌన్ ఈ చట్టానికి జడిసి ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. లైమన్ బీచర్ మరో కూతురు హారియెట్ బీచర్ స్టో, ఒహాయో నదికి అవతల బానిస నేల కనబడే సిన్సినాటీలో పద్ధెనిమిదేళ్ళు గడిపినావిడ, ఈ చట్టం మీది కోపంతో రాసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' 1852లో పుస్తకంగా వచ్చి తొలి ఏడాదిలోనే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

1854 మే నెలాఖరులో జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడాలి. చికాగో మీదుగా రైలుమార్గం పడమరకు పోవాలని కోరుకున్న సెనేటర్ స్టీఫెన్ డగ్లస్, దక్షిణాది ఓట్ల కోసం, కాన్సాస్, నెబ్రాస్కాలలో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ స్థిరపడేవారే తేల్చుకుంటారని బిల్లు పెట్టాడు; 34 ఏళ్ళు నిలిచిన మిస్సోరీ గీత చెరిగిపోయింది. ఆ బిల్లు మే 30న చట్టమైంది. అదే వారంలో బోస్టన్‌లో ఆంథోనీ బర్న్స్ అనే పరారీ బానిసను పట్టుకున్నారు. జూన్ 2న సైనికులు ఇరువైపులా నిలబడగా, నల్లగుడ్డలు కట్టిన భవనాల మధ్య నుంచి, వేలాదిమంది చూస్తుండగా, ఆ ఒక్క మనిషిని ఓడరేవుకు నడిపించారు. దక్షిణాది పత్తితో గుడ్డ వ్యాపారం చేసే సంపన్న కుటుంబానికి చెందిన ఏమస్ లారెన్స్, రాత్రి పాతకాలపు రాజీవాదులుగా పడుకున్నవాళ్ళం తెల్లవారేసరికి వెర్రెత్తిన నిర్మూలనవాదులుగా లేచామని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. కొరడా ప్రభువులకూ మగ్గం ప్రభువులకూ మధ్య పొత్తు ఉన్నదని బానిసత్వ విరోధి చార్లెస్ సమ్నర్ ఆరేళ్ళ ముందు ఎత్తిపొడిచినది ఇటువంటివారినే. ఆ లారెన్స్ డబ్బుతోనే ఉత్తరాది వలసదారులు కాన్సాస్‌కు తరలారు. వారు కట్టుకున్న ఊరికి ఆయన పేరే పెట్టారు.

కాన్సాస్‌లో తేల్చుకోవడం తుపాకులతో జరిగింది. అవతలినుంచి మిస్సోరీ గుంపులు దాటివచ్చి దొంగ ఓట్లు వేశాయి; ఇవతలినుంచి హెన్రీ వార్డ్ బీచర్, అదే కుటుంబంలోని పాదిరి, చర్చిలో చందాలు పోగుచేసి తుపాకులు పంపితే వాటికి బీచర్ బైబిళ్ళని పేరు వచ్చింది. సారాయి మాన్పించడానికి ప్రసంగాలతో మొదలైన కుటుంబం ముప్పై ఏళ్ళలో తుపాకుల దాకా వచ్చింది. 1856 మే 21న లారెన్స్ ఊరిని దోచారు. మర్నాడు సెనేట్ సభలోనే, అప్పటికి సెనేటర్ అయిన సమ్నర్‌ను దక్షిణ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో చావబాదాడు. మరి రెండు రోజులకు కాన్సాస్‌లో జాన్ బ్రౌన్ అనే తెల్లజాతి నిర్మూలనవాది మనుషులు రాత్రివేళ అయిదుగురిని ఇళ్ళ నుంచి లాగి నరికి చంపారు. 1857 మార్చిలో, తన స్వేచ్ఛ కోసం దావా వేసిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, నల్లవారు అమెరికా పౌరులు కాలేరనీ, ఏ టెరిటరీలోనూ, అంటే ఇంకా రాష్ట్రం కాని భూభాగంలో, బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదనీ తీర్పు చెప్పింది. దానితో 1854లో ఈ ప్రశ్న మీదనే పుట్టిన రిపబ్లికన్ పార్టీ సిద్ధాంతం చట్టవిరుద్ధమైపోయింది, ఆ పార్టీ మాత్రం మరింత పెరిగింది. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ప్రభుత్వ ఆయుధాగారం మీద దాడిచేసి పట్టుబడి డిసెంబరు 2న ఉరికంబమెక్కాడు.

1860 ఎన్నికలో లింకన్ దేశం మొత్తం ఓట్లలో 40 శాతానికి చేరకుండానే గెలిచాడు. దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో ఆయన పేరున బ్యాలెట్లే లేవు. ఉన్నచోట బానిసత్వం జోలికి పోనని, కొత్త నేలకు మాత్రం పాకనివ్వనని ఆయన పదేపదే చెప్పాడు. తోట యజమానులకు ఆ రెండో మాటే చాలు. బానిసల మొత్తం విలువ అప్పటికి 300 కోట్ల డాలర్లు దాటి ఉంటుందని చరిత్రకారుల అంచనా, అంటే దేశంలోని రైళ్ళు, కర్మాగారాలు అన్నింటి విలువ కన్నా ఎక్కువ. విస్తరణ ఆగితే ఆ ధర నిలవదని వారికి తెలుసు.

డిసెంబరు 20న దక్షిణ కరోలినా యూనియన్ నుంచి, అంటే అమెరికా సమాఖ్య నుంచి, విడిపోయింది, నాలుగు రోజుల తరువాత కారణాలు వివరిస్తూ ఒక ప్రకటన చేసింది. తరువాతి తరాలలో ఆ యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందని వాదించినవారు చాలామంది ఉన్నారు కనుక ఆ ప్రకటనను చదవడం అవసరం. ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో పరారీ బానిసల అప్పగింతను అడ్డుకున్నాయని, అంటే రాష్ట్రాల హక్కులను వాడుకున్నాయని, అందులోని మొదటి ఫిర్యాదు. నిర్మూలన సంఘాలను బాహాటంగా నడవనిచ్చాయని, పుస్తకాలతో, బొమ్మలతో బానిసలను రెచ్చగొట్టాయని తరువాతి ఫిర్యాదు. అందరికీ చెందిన పడమటి నేల నుంచి దక్షిణాదిని వెలివేస్తామని ఒక పార్టీ ప్రకటించిందని చివరి ఫిర్యాదు. వేల మంది బానిసలు తమ ఇళ్ళు విడిచిపోయేలా సాయం చేశారని కూడా అందులో రాశారు, ఇళ్ళు అన్నారు.